ఆ రోజుకి రెండేళ్ళ ముందే

(ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక ఆదివారం సాయంత్రం తెలుగు తల్లిదండ్రుల కోసం ఒక పిల్లల డాక్టరు గారు ఇచ్చిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళు చదువుకుంటారని రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకదాకా వినిపిస్తోందా? సరే.

ముందు ఒక ప్రశ్న. ఇక్కడ ఆడపిల్లల తల్లులున్నారు, అమ్మమ్మలు, నాయనమ్మలున్నారు. మీ అమ్మాయి ఎప్పుడు పెద్దమనిషయ్యింది అనడిగితే ఏం చెప్తారు? తారీకు చెప్తారు. వారం చెప్తారు. ఆ ఘడియ మంచిదో కాదో పంతులు గారి చేత చూపించి ఉంటారు కాబట్టి తిథి, నక్షత్రం కూడా చెప్తారు. ఈతచాప వేసిందెవరు, చిమ్మిలి తెచ్చిందెవరు, మేనమామ పెట్టిన చీర ఏ రంగు... అన్నీ గుర్తే. అవునా, కాదా?

ఇప్పుడు రెండో ప్రశ్న. ఆ పిల్ల ఒంట్లో మార్పు ఎప్పుడు మొదలయ్యింది? చెప్పండి. ఎవరూ మాట్లాడరేం?

ఈవేళ నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మీరు చాప వేసే రోజుకి రెండేళ్ళు, రెండున్నరేళ్ళ ముందే ఆ పని మొదలైపోతుంది. మనం పంచాంగం తీసేసరికి ఆ పిల్ల దారిలో సగం పైనే నడిచేసి ఉంటుంది. ఎవరితోనూ ఏమీ అనకుండా, ఎవరూ తనతో ఏమీ చెప్పకుండా నడిచి ఉంటుంది. ఇక మగపిల్లాడి సంగతైతే మరీ అన్యాయం. వాడికి ఆ రోజు కూడా లేదు. చాప లేదు, చిమ్మిలి లేదు, చెప్పేవాళ్ళు లేరు.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. రొమ్ము అంటాను, ముట్టు అంటాను, బీజాలంటాను. ఇబ్బంది పడకండి. గిడుగు రామమూర్తి పంతులు గారు బడిపాఠాలు చెప్పిన ఊరిది, వాడుక మాట కోసం ఆయన ఎంత పోట్లాడారో మీకు తెలుసు. ఈ ఊళ్ళో నిలబడి నేను గ్రాంథికం మాట్లాడితే ఆయన ఊరుకుంటారా?

మొన్నామధ్య కాశీనగర్ వైపు నుంచి ఒక ముసలావిడ మనవరాలిని తీసుకొచ్చింది. నాలుగో తరగతి పిల్ల, తొమ్మిదేళ్ళు. "డాక్టరమ్మా, గుంటకి ఎడం పక్క గెడ్డ లేచింది, సూడు తల్లీ" అంది. గౌను పక్కకి జరిపితే చన్నుమొన చుట్టూ చర్మం ఎర్రగా ఊడిపోయి ఉంది. ఏమిటిదంటే పసుపూ సున్నం కలిపి పట్టు వేశారట, గెడ్డ కరుగుతుందని. సున్నానికి చర్మం కాలిపోయింది. వేలితో మెల్లగా నొక్కి చూశాను. చన్నుమొన కింద చింతగింజంత గట్టిగా, కదులుతూ ఉంది. ముట్టుకుంటే పిల్ల చురుక్కుమన్నట్టు వెనక్కి జరిగింది. నేనూ ఆ ముసలావిడా మాట్లాడుకుంటున్నాం. ఆ గెడ్డ కోయించెయ్యమని వీధిలో ఎవరో చెప్పారట, ఎవరో క్యాన్సర్ అన్నారట. ఈలోగా పిల్ల నా వైపు వంగి, ఒడియాలో, చిన్నగా అడిగింది. "ముఁ మరిజిబి కి?" నేను చచ్చిపోతానా అని.

ఆ ప్రశ్న ఎన్ని రాత్రులు మోసిందో పాపం.

అది గెడ్డా కాదు, గిడ్డా కాదు. రొమ్ము మొగ్గ. ఆడపిల్లల్లో చాలామందికి యవ్వనం మొదలైందని తెలిసే మొదటి గుర్తు అదే. ఒక పక్క ముందు వచ్చి, రెండో పక్క కొన్ని నెలలు ఆలస్యంగా రావడం మామూలే. తాకితే నొప్పి పుట్టడమూ మామూలే. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను, ఇంటికెళ్ళి నలుగురికీ చెప్పండి. దాన్ని కోయించకూడదు, సూదితో గుచ్చించకూడదు. ఆ చింతగింజంత ముక్కలోంచే రేపటి రొమ్మంతా రావాలి. అది తీసేస్తే ఆ పక్క ఇక రాదు. ఎర్రగా ఉబ్బినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా అప్పుడు డాక్టరుకి చూపించండి. లేకపోతే వదిలెయ్యండి. సున్నం తమలపాకుకే ఉండనివ్వండి.

సరే, ఇది ఎక్కడి నుంచి మొదలవుతుంది? రొమ్ములోంచి కాదు, కడుపులోంచి కాదు. తలలోంచి. మెదడు అడుగున హైపోథాలమస్ అని చిన్న భాగం ఉంది. అక్కడి నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోను విడతలు విడతలుగా వస్తుంది. దాని కిందే పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. ఆ గ్రంథి ఈ విడతలు అందుకుని ఇంకో రెండు హార్మోన్లు రక్తంలోకి వదులుతుంది. అవి వెళ్ళి ఆడపిల్లలో అండాశయాల్ని, మగపిల్లాడిలో బీజాల్ని, అంటే వృషణాల్ని, లేపుతాయి. అక్కడ ఈస్ట్రోజెన్, ఇక్కడ టెస్టోస్టిరోన్. మిగతా మార్పులన్నీ వాటి పనే.

ఇందులో తమాషా ఏంటంటే, ఈ ఏర్పాటు పుట్టుకతోనే ఉంది. బిడ్డ పుట్టిన మొదటి కొన్ని నెలలు పనిచేస్తుంది కూడా. తరవాత మెదడే బ్రేకు వేసేస్తుంది. ఏళ్ళ తరబడి ఆ బ్రేకు మీదే ఉంటుంది. మళ్ళీ మొదలయ్యేటప్పుడు ఎప్పుడు మొదలవుతుందో తెలుసా? రాత్రి. పిల్లలు నిద్రపోతున్నప్పుడు. తొలి నెలల్లో ఆ హార్మోను విడతలు నిద్రలోనే ఎక్కువగా వస్తాయి. అంటే మీ పక్కలో పడుకున్న పిల్లకి కూడా తెలీదు, మీకూ తెలీదు.

బ్రేకు తీసేదెవరు? ఇది చాలాకాలం అర్థం కాలేదు. 1996లో అమెరికాలో హెర్షీ అనే ఊళ్ళో, క్యాన్సర్ పాకకుండా ఆపే జన్యువు కోసం వెతుకుతుంటే ఒక జన్యువు దొరికింది. ఆ ఊరు చాక్లెట్లకి పేరు, అక్కడ కిసెస్ అని చిన్న చాక్లెట్లు తయారవుతాయి. ఆ పేరు కలిసొచ్చేలా దానికి పేరు పెట్టారు. దాని నుంచి వచ్చే పదార్థాన్ని కిస్‌పెప్టిన్ అంటున్నారు. 2003లో తెలిసిందేంటంటే, ఈ కిస్‌పెప్టిన్‌ని అందుకునే భాగంలో లోపం ఉన్నవాళ్ళకి అసలు యవ్వనమే రావడం లేదు. క్యాన్సర్ కోసం తవ్వితే యవ్వనం బయటపడింది.

ఒంట్లో కొవ్వు ఎంతుందో కూడా మెదడుకి కబురు వెళ్తుంది. లెప్టిన్ అనే హార్మోను, 1994లో కనిపెట్టారు. కొవ్వు కణాలే దాన్ని తయారుచేస్తాయి. తిండి చాలక ఎండిపోయిన పిల్లకి ఆలస్యం అవుతుంది. ఒళ్ళు బాగా చేసిన పిల్లకి ముందే అవుతుంది. మిగతాది చాలామటుకు వంశం. తల్లికి ఎప్పుడయ్యిందో అడగండి, కూతురి సంగతి కొంత తెలిసిపోతుంది.

ఇప్పుడు వరస చెప్తాను. ఆడపిల్లకి 8 నుంచి 13 ఏళ్ళ మధ్య ఎప్పుడు మొదలైనా మామూలే. చాలామందికి 10 అటూఇటూగా రొమ్ము మొగ్గ. తరవాత కొన్నాళ్ళకి కింద వెంట్రుకలు, తరవాత చంకలో. ఇంతలో పొడుగు. మామూలుగా ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరిగే పిల్ల ఆ ఏడాది 8 దాకా పెరుగుతుంది. బడికి జూన్‌లో కుట్టించిన లంగా సంక్రాంతికి మోకాలి పైకి వచ్చేస్తుంది, మీరు టైలర్‌ని తిడతారు. ఈ పరుగు అంతా అయ్యాక, వేగం తగ్గుతున్నప్పుడు, అప్పుడు ముట్టు వస్తుంది. అంటే మనం పండగ చేసే రోజు కథలో ఎక్కడో చివరి అధ్యాయాల్లో ఉంటుంది.

బ్రిటన్‌లో టానర్ అని ఒకాయన లండన్‌కి ఉత్తరంగా ఒక పిల్లల ఆశ్రమంలో ఏళ్ళ తరబడి పిల్లల్ని కొలిచి, ఫొటోలు తీయించి, 1969లో ఆడపిల్లల వరస, 1970లో మగపిల్లల వరస రాశాడు. అయిదు మెట్లు. మేం ఇప్పటికీ కేసు కాగితం మీద టానర్ రెండు, టానర్ మూడు అని రాసేది అదే. రొమ్ము మొగ్గ అంటే రెండో మెట్టు. ముట్టు ఎక్కువమందికి నాలుగో మెట్టులో.

ఇంకోటి, చంక వాసన. ఏడేళ్ళ పిల్లకి చంక వాసన వస్తోందని, మొహం మీద ఒక పొక్కు లేచిందని కొందరు కంగారుగా వస్తారు. అది మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథుల పని, వేరే సంగతి. ఆరేడేళ్ళప్పుడు నెమ్మదిగా మొదలవుతుంది. ఒక్క వాసన చూసి యవ్వనం వచ్చేసిందనుకోవద్దు. వెంట్రుకలు కూడా వచ్చేస్తుంటే మాత్రం చూపించండి.

ముట్టు మొదలైన తొలి రెండేళ్ళు లెక్క తప్పుతుంది. 21 రోజులకి రావచ్చు, 45 రోజులకి రావచ్చు. అండం ప్రతి నెలా విడుదల కాదు కాబట్టి అలా ఉంటుంది. దానికి ఇంజెక్షన్లు అక్కర్లేదు. అయితే ఏడు రోజులు దాటి పోతున్నా, గంటకీ రెండు గంటలకీ ప్యాడు తడిసిపోతున్నా, "మొదట్లో అంతేలే" అనకండి. కొందరికి రక్తం గడ్డకట్టడంలోనే లోపం ఉంటుంది, అది బయటపడేది ఇలాగే. 15 ఏళ్ళు వచ్చినా ముట్టు రాకపోతే చూపించండి. రొమ్ము మొగ్గ వచ్చి మూడేళ్ళు దాటినా రాకపోతే అప్పుడూ చూపించండి.

రక్తం మాటొచ్చింది కాబట్టి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒడిశా ఆడవాళ్ళలో నూటికి 60 మందికి పైగా రక్తం తక్కువ. ఆ పరిస్థితిలో పిల్లకి ముట్టు మొదలవుతుంది. చిమ్మిలి పెడతారు, మంచిదే, నువ్వులూ బెల్లమూ బలమే, నాకూ ఇష్టమే. తొమ్మిది రోజులు పెట్టి ఆపేస్తే ఏం లాభం? బడిలో వారానికోసారి నీలం మాత్ర ఇస్తారు. ఐరన్, ఫోలిక్ యాసిడ్. పిల్లలు దాన్ని ఏం చేస్తారో నాకు తెలుసు, మాస్టార్లకీ తెలుసు. కిటికీలోంచి బయటికి. ఎందుకంటే ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం. అన్నం తిన్నాక వెయ్యమనండి. టీతో వద్దు. విరేచనం నల్లగా వస్తుంది, భయం లేదు. ఇంట్లో చోళ్ళు, అదే రాగులు, మానేశారా మీరు కూడా? చోడి అంబలి, చోడి సంగటి? 100 గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. ఎముక గట్టిపడే వయసు ఇదే. ఒడిశా ప్రభుత్వం 2017 నుంచి మిల్లెట్ మిషన్ పెట్టి మరీ పండించమంటోంది, మనం బిస్కట్ ప్యాకెట్ కొంటున్నాం.

ఇప్పుడు మగవాళ్ళు. వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్న నాన్నలూ, మీకే చెప్తున్నాను.

మగపిల్లాడికి 9 నుంచి 14 మధ్య మొదలవుతుంది. మొదటి గుర్తు ఏంటి? మీసమా? కాదు. గొంతు మారడమా? కాదు, అవన్నీ చివర్లో వస్తాయి. మొదటి గుర్తు బీజాలు పెరగడం. అది ఎవరికి కనిపిస్తుంది? ఎవరికీ కనిపించదు. స్నానం వాడే చేసుకుంటాడు. ఇదిగో, ఇది చూపిద్దామని తెచ్చాను. పూసల దండలా ఉంది కదా. పన్నెండు పూసలు, 1 మిల్లీలీటరు నుంచి 25 దాకా. స్విట్జర్లాండ్ డాక్టరు ప్రాడర్ తయారుచేశాడు, ఆయన పేరుతోనే పిలుస్తాం. ఒక చేత్తో పిల్లాడి బీజం, ఇంకో చేత్తో ఈ పూసలు పట్టుకుని పోల్చి చూడాలి. ఇదిగో ఈ నాలుగో పూస, 4 మిల్లీలీటర్లు. బీజం ఇంత అయ్యిందంటే మొదలైనట్టు. ముందు వరసలో అమ్మా, మీరు పట్టుకుని చూసి పక్కవాళ్ళకివ్వండి. నవ్వుకోండి, పర్లేదు, కానీ దండ మాత్రం నాకు తిరిగి రావాలి.

మగపిల్లాడి పొడుగు పరుగు ఆడపిల్ల కంటే రెండేళ్ళు ఆలస్యం. అందుకే ఆరు, ఏడు తరగతుల్లో ఆడపిల్లలు పొడుగ్గా ఉంటారు, మగపిల్లలు గుంపులో చివర నిలబడతారు. తరవాత 13, 14లో వాడు ఏడాదికి 9, 10 సెంటీమీటర్లు లేస్తాడు. ముందు కాళ్ళూ చేతులూ పొడుగవుతాయి, ఒళ్ళు తరవాత అందుకుంటుంది. ఆ ఏడాది గ్లాసులు విరుగుతాయి. తిట్టకండి.

ఒక కుర్రాడు, 13 ఏళ్ళు. మే నెలలో వచ్చాడు. మే నెలలో పర్లాకిమిడి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? చొక్కా లోపల రెండు బనియన్లు వేసుకొచ్చాడు. వాళ్ళ నాన్న కంప్లైంటు ఏంటంటే, వీడు మహేంద్రతనయలో స్నానానికి రావడం మానేశాడు, ఫ్రెండ్సుతో ఆడడం మానేశాడు, ఎప్పుడూ ఒంగి నడుస్తున్నాడు. నాన్నని బయటికి పంపి అడిగితే, చాలాసేపటికి చొక్కా తీశాడు. రెండు పక్కలా చన్నుమొనల కింద కొంచెం ఉబ్బు. తాను ఆడపిల్లలా మారిపోతున్నానని వాడి భయం. బడిలో ఎవడో ఒక పేరు కూడా పెట్టాడట. ఇది సగం మందికి పైగా మగపిల్లలకి వస్తుందమ్మా. సగం మందికి పైగా. మగపిల్లాడి ఒంట్లో కూడా కొంచెం ఈస్ట్రోజెన్ తయారవుతుంది, ఆ రోజుల్లో రెండు హార్మోన్ల పాళ్ళు కుదరక అలా ఉబ్బుతుంది. చాలామందికి ఏడాది, రెండేళ్ళలో పోతుంది. ఆ మాట చెప్పగానే వాడు ఒక బనియన్ తీసి సంచిలో పెట్టుకున్నాడు. రెండోది ఉంచుకున్నాడు. డాక్టరు మాట సగమే నమ్మాడన్నమాట.

ఇక నిద్రలో స్కలనం. ఇక్కడ అందరూ నేల చూపులు చూస్తున్నారు. సరే, నేల చూస్తూనే వినండి. పొద్దున్న లేచేసరికి నిక్కరు తడిసి ఉంటుంది. వాడికి ఎవరూ చెప్పలేదు. ధాతువు పోతోంది, బలం పోతోంది, నరాలు చచ్చిపోతాయి అని ఎవడో ఫ్రెండు చెప్తాడు. బస్టాండు గోడ మీద ఏం రాసి ఉంటుంది? "నరాల బలహీనతా? సంప్రదించండి" అని ఫోను నంబరు. వాడు అమ్మ డబ్బాలోంచి డబ్బులు తీసి అక్కడికి వెళ్తాడు. తండ్రి చెప్పాల్సిన నాలుగు మాటలు చెప్పకపోతే ఆ గోడ చెప్తుంది. ఏం చెప్పాలి? "ఇది అందరికీ అవుతుంది, నాకూ అయ్యింది, జబ్బు కాదు, బలం పోదు, బట్ట మార్చుకో." అంతే. పది సెకన్లు పట్టదు.

ఈమధ్య అందరూ అడిగేది, "మేడమ్, ఈ కాలం పిల్లలకి ఎందుకు ఇంత తొందరగా అయిపోతోంది?" వెంటనే వాళ్ళే జవాబు చెప్పేస్తారు, బాయిలర్ కోడి అని. పాపం ఆ కోడి మీద ఎన్ని నేరాలో. బాయిలర్ కోడి 40 రోజుల్లో రెండు కేజీలు అవుతుందంటే, తరతరాలుగా తొందరగా పెరిగే జాతినే ఎంచి పెంచారు, దాణా అలాంటిది పెడుతున్నారు. హార్మోను ఇంజెక్షన్ ఇవ్వాలంటే వేలాది కోళ్ళని ఒక్కోదాన్నీ పట్టుకుని పొడవాలి, ఎవడు చేస్తాడండీ? పాలు పితకడానికి గేదెకి ఇంజెక్షన్ పొడిస్తారు, అది తప్పే, గేదెకి హింస. ఆ మందు మన పొట్టలోకి వచ్చినా అరిగిపోతుంది, దానివల్ల పిల్ల పెద్దమనిషి కాదు.

నిజంగా మారిందేంటో వినండి. యూరపులో 19వ శతాబ్దం మధ్యలో మొదటి ముట్టు 16, 17 ఏళ్ళకి. తిండి పెరిగి, అంటురోగాలు తగ్గి, వందేళ్ళలో 13కి వచ్చింది. తరవాత ముట్టు వయసు పెద్దగా జరగలేదు. రొమ్ము మొగ్గ వయసు మాత్రం జరిగింది. డెన్మార్క్‌లో 1991లో చూసినప్పుడు సగటున 10.88 ఏళ్ళు, 2006లో చూస్తే 9.86. దాదాపు ఒక ఏడాది ముందుకి. ముట్టు వయసు? 13.42 నుంచి 13.13. అంటే ఏంటి? మొదలు ముందుకి జరిగింది, మనం చాప వేసే రోజు దాదాపు అక్కడే ఉంది. మధ్యలో పిల్ల ఒంటరిగా నడిచే దూరం పెరిగింది. పిల్లల్లో ఒళ్ళు పెరగడం ఒక పెద్ద కారణం, మిగతా కారణాల మీద ఇంకా వాదన నడుస్తోంది. కరోనా లాక్‌డౌన్ రోజుల్లో మరీ చిన్నపిల్లల కేసులు పెరగడం 2020లో ఇటలీ డాక్టర్లు గమనించి రాశారు, తరవాత మన దేశంలోనూ చూశాం.

ఎప్పుడు కంగారు పడాలి? ఆడపిల్లకి 8 నిండకముందు, మగపిల్లాడికి 9 నిండకముందు మొదలైతే. ఆడపిల్లల్లో చాలాసార్లు ఏ కారణమూ దొరకదు. మగపిల్లాడిలో మాత్రం వెనక ఏదో ఒక కారణం, కొన్నిసార్లు మెదడులో గడ్డ కూడా, ఉండే అవకాశం ఎక్కువ. అందుకని మగపిల్లాడు తొందరగా మగాడయ్యాడని మీసం మెలేసుకుని మురవకండి, తీసుకురండి. ఎడమ చెయ్యి ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తాం. ఎముక తొందరపడితే ఏమవుతుంది? ఇప్పుడు క్లాసులో అందరికంటే పొడుగు, చివరికి అందరికంటే పొట్టి. ఎముక చివరలు ముందే మూసుకుపోతాయి. అవసరమైన పిల్లలకి నెలకో మూడు నెలలకో ఒక ఇంజెక్షన్ ఇచ్చి ఆపొచ్చు. ఆ ఇంజెక్షన్ ఆపేస్తే యవ్వనం మళ్ళీ మామూలుగా మొదలవుతుంది. పిల్లలు పుట్టరేమోనన్న భయం అక్కర్లేదు.

ఆలస్యం సంగతి మన జిల్లాలకి ముఖ్యం. 13 వచ్చినా రొమ్ము మొగ్గ లేని ఆడపిల్ల, 14 వచ్చినా బీజాలు పెరగని మగపిల్లాడు. మగపిల్లల్లో ఎక్కువగా వంశంలోనే ఆలస్యం ఉంటుంది, తండ్రి కూడా ఇంటర్‌లో పొడుగైన మనిషే అయి ఉంటాడు. కానీ గజపతి, రాయగడ, కొరాపుట్ అంటే సికిల్ సెల్ ఉన్న ప్రాంతం, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్యపు జబ్బు. ఆ జబ్బున్న పిల్లలకి యవ్వనం ఆలస్యంగా వస్తుంది. పిల్ల ఎదగడం లేదు, తరచూ కాళ్ళూ చేతుల నొప్పులు, కళ్ళు పచ్చన... ఈ మూడూ కలిస్తే రక్తం పరీక్ష చేయించండి. 2023 జులైలో సికిల్ సెల్ జాతీయ మిషన్ మొదలైంది, పరీక్షకి డబ్బు కట్టక్కర్లేదు. థైరాయిడ్ తక్కువైనా ఆలస్యమే.

ఇప్పుడు మన ఇళ్ళలో ఉన్న ఒక చిక్కు. మన పిల్లలు ఒడియా మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదువుతారు. బయఃసంధి అని, ఈ యవ్వనం గురించే, పాఠం ఉంటుంది. అది ఏడులోనో ఎనిమిదిలోనో వస్తుంది, అప్పటికి సగం క్లాసుకి అయిపోయి ఉంటుంది. సరే, వచ్చింది. ఆ పాఠం పిల్ల ఇంటికి తెచ్చి అమ్మని అడగాలంటే, అమ్మకి ఒడియా చదవడం రాదు. అమ్మ దగ్గరున్న మాటలేంటి? "బయట చేరింది", "అంటు", "ముట్టుకోకు". పిల్ల దగ్గర పుస్తకం మాటలు, తల్లి దగ్గర గుమ్మం బయట మాటలు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండి మాట్లాడుకోలేరు. మీరు పుస్తకం చదవక్కర్లేదు. ఎనిమిది, తొమ్మిదేళ్ళప్పుడు, తలకి నూనె రాస్తూ, "నాకు నీ వయసులో ఇలా అయ్యింది, నీకూ అవుతుంది, అయినప్పుడు నాకు చెప్పు" అనండి. సంచిలో ఒక ప్యాడు పెట్టి పంపండి. ఆరు నుంచి పన్నెండు తరగతుల ఆడపిల్లలకి ఖుషీ పథకంలో బడిలోనే ఉచితంగా ఇస్తారు. బట్ట వాడినా తప్పు లేదు, సబ్బుతో ఉతికి ఎండలో ఆరెయ్యాలి. మంచం కింద చీకట్లో కాదు. ఎండలో, తీగ మీద.

జూన్‌లో రజో పండగ వస్తుంది కదా. మూడు రోజులు భూమికి ముట్టని, నాగలి పెట్టరు, ఆడపిల్లలకి ఉయ్యాల కడతారు, పొడొపిఠా చేస్తారు. మన తెలుగు ఇళ్ళకీ వస్తుంది ఆ పిఠా, మనమూ తింటాం. భూమికి ముట్టయితే పండగ, కోడలికి ముట్టయితే వరండా. ఒడియా వాళ్ళిళ్ళలో కూడా అంతేలెండి, నేనేం వాళ్ళని పొగడడం లేదు.

ఫంక్షన్ మానెయ్యమని నేననను. బంధువులొస్తారు, పిల్లకి కొత్త బట్టలు, పట్టీలు. కానీ నాలుగు రోడ్ల కూడలిలో ఆ పిల్ల ఫొటోతో ఫ్లెక్సీ ఎందుకండీ? సోమవారం ఆ పిల్ల ఆ ఫ్లెక్సీ కిందుగానే బడికి నడవాలి. ఇంకో సంగతి, ఆ భోజనాల దగ్గరే సంబంధాల మాట మొదలవుతుంది. ఇందాక చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఒడిశాలో 20–24 ఏళ్ళ ఆడవాళ్ళలో అయిదుగురికి ఒకరు 18 రాకముందే పెళ్ళయినవాళ్ళు. ముట్టు వచ్చిందంటే కటి ఎముకలు పూర్తిగా పెరిగాయని కాదు, ఇంకా కొన్నేళ్ళు పెరుగుతాయి. 2006 చట్టం 18 అంటుంది. ఎముక కూడా ఇంచుమించు అదే మాటంటుంది.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, చెప్పండి పెద్దమ్మా. "పెద్దమనిషయ్యాక ఇంక పొడుగెదగదంటారు, నిజమేనా?" పూర్తిగా నిజం కాదు పెద్దమ్మా. ఇంకో 5, 7 సెంటీమీటర్లు పెరుగుతుంది, మెల్లగా. దాన్ని ఎక్కువ చేస్తామని అమ్మే పొడులున్నాయి, కొనకండి.

ఆ పక్కన, బాబూ. "మా ఇంట్లో నేనొక్కణ్ణే, వాళ్ళమ్మ లేదు, కూతురికి తొమ్మిది. నేనెలా చెప్పను?" మంచి ప్రశ్న అడిగారు. మీరే చెప్పొచ్చు. నోరు రాకపోతే మేనత్తనో, పెద్దమ్మనో, ఆశా దీదీనో పిలవండి. పెద్ద హాస్పిటల్లో కౌమార పిల్లల కోసం శ్రద్ధా క్లినిక్ అని గది ఉంటుంది, అక్కడ కౌన్సెలర్ ఉంటారు. కానీ ప్యాడ్లు మాత్రం మీరే కొని ఇంట్లో పెట్టండి. కూతురికి కనిపించేలా పెట్టండి. నాన్నతో చెప్పొచ్చు అని ఆ పిల్లకి అర్థమవుతుంది.

ఆఖరిది, ఆ ఆశా దీదీ. "మీ దగ్గరికి పంపేటప్పుడు ఏం తెమ్మనాలి?" పుట్టిన తేదీ కాగితం, అంచనా వయసు కాదు. బడిలో కొలిచిన ఎత్తులున్న హెల్త్ కార్డు. అది లేకపోతే గుమ్మం చెక్క మీద పెన్సిల్‌తో గీసిన గీతలున్నా చాలు, టేపుతో కొలిచి, పక్కన తేదీతో కాగితం మీద రాసి పంపండి. తల్లి ఏ వయసులో పెద్దమనిషయ్యిందో, తండ్రి ఏ క్లాసులో పొడుగయ్యాడో అడిగి రాయండి. పిల్లకి ఏ పట్టూ వెయ్యకుండా పంపండి. నా పూసల దండ ఎవరి దగ్గరుంది?